పైపు ఎందుకు ఎక్కదు? లోడర్ పరికరాల్లో చిక్కుకున్న ఒత్తిడి

ట్రాక్టర్ ముందు లోడర్ బిగించుకున్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. బకెట్ దించి, దాని స్థానంలో కొమ్మలూ దుంగలూ పట్టే గ్రాపిల్ తగిలిస్తారు. పిన్నులు చక్కగా కూర్చుంటాయి. రెండు హైడ్రాలిక్ పైపుల్లో ఒకటి టక్కుమని ఎక్కుతుంది. రెండోది ఎంత నొక్కినా ఎక్కదు. కాలర్ వెనక్కి లాగి, ఒంటి బరువంతా మోపినా లోపలి మూత బిగుసుకునే ఉంటుంది. వారం కింద విప్పేటప్పుడు చేత్తో ఊడివచ్చిన పైపే అది. అమెరికాలో ఇంటి వెనక పాతిక ఎకరాలున్న చిన్నరైతుదీ, యూరప్ పశువుల కొట్టాల్లో గడ్డి బేళ్లు ఎత్తేవాళ్లదీ, మన దగ్గర హైడ్రాలిక్ రివర్సిబుల్ నాగలి నడిపే డ్రైవర్‌దీ ఒకటే ఫిర్యాదు: పైపులో ప్రెషర్ ఉండిపోయింది.

దీనికి చెప్పే ఉపాయాలకు లోటు లేదు. మూత మీద సుత్తితో ఒకటి కొట్టమనేవారున్నారు. పైపు నట్టు కొద్దిగా వదులు చేయమనేవారున్నారు. ఇంజన్ ఆపి లివర్లు అటూ ఇటూ ఆడించమని ట్రాక్టర్‌తో ఇచ్చే పుస్తకం చెబుతుంది. ఒత్తిడి ఉన్నా ఎక్కే రకం కప్లర్ కొనుక్కోమని కప్లర్ తయారీదారు చెబుతాడు. సాయంత్రం దాకా ఆగమని పాత డ్రైవర్ చెబుతాడు. వీటిలో ఏది మేలని అడగడంలోనే పొరపాటు ఉంది. ఒత్తిడి చిక్కుకోవడానికి కారణాలు మూడు. ఒక కారణానికి పనికొచ్చే ఉపాయం ఇంకో కారణం దగ్గర పనిచేయదు, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఉపాయాలను తూచేముందు ఆ ఒత్తిడి ఎక్కడ, ఎందుకు నిలిచిపోతుందో తేల్చుకోవాలి.

ఈ బాధ మొదట్లో లేదు. 1939లో వచ్చిన ఫోర్డ్-ఫెర్గూసన్ 9ఎన్ ట్రాక్టర్‌లో హైడ్రాలిక్ వ్యవస్థ అంతా ట్రాక్టర్ లోపలే ఉండేది. వెనక లింకేజీ చేతులు నాగలిని ఎత్తేవి, దించేవి. రైతు విప్పాల్సిన పైపే లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో, ట్రాక్టర్ ఆయిల్‌ను పైపుల గుండా పరికరం మీది సిలిండర్ దాకా పంపే పద్ధతి వ్యాపించాక కప్లర్ల అవసరం వచ్చింది. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సిరిల్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు టర్కీ కోళ్ల షెడ్లు ఊడ్చడానికి ఒక చిన్న లోడర్ చేశారు. అందులోంచి పుట్టిన స్కిడ్ స్టీర్ లోడర్లు ఒకే యంత్రానికి పూటకో పరికరం తగిలించే అలవాటును అన్నిచోట్లకూ తీసుకెళ్లాయి. పరికరాన్ని చిటికెలో పట్టి బిగించే క్విక్ హిచ్ వచ్చాక బకెట్ మార్చడం నిమిషం పని అయింది. పైపుల దగ్గర మాత్రం మనిషి ఇంకా కిందికి దిగి, వంగి, రెండు చేతులతో పెనుగులాడుతూనే ఉన్నాడు. ఇనుమును ఇనుముతో కలిపే చోట చూపిన శ్రద్ధ పరిశ్రమ ఆయిల్ లైన్లు కలిపే చోట చూపలేదు. పరిష్కారాలు లేక కాదు. వాటిని ఖరీదైన మోడళ్ల దగ్గరే ఉంచేసింది.

ఇక కప్లర్ లోపలికి. వ్యవసాయ ట్రాక్టర్ల మీద ఎక్కువగా కనిపించేది అర అంగుళం సైజు కప్లర్, ఐఎస్ఓ 7241 ప్రమాణంలోని ఎ-శ్రేణి. సాధారణంగా ట్రాక్టర్ వైపు ఫీమేల్, పరికరం పైపు చివర మేల్ ఉంటాయి. రెండింటి లోపలా స్ప్రింగుతో మూసుకునే చిన్న మూత ఉంటుంది, దాన్ని పాపెట్ అంటారు. కలిపినప్పుడు ఆ రెండు మూతల ముక్కులూ ఎదురెదురుగా తగిలి, ఒకదాన్నొకటి వెనక్కి నెట్టి దారి తెరుస్తాయి. విడదీయగానే రెండూ మూసుకుంటాయి, ఆయిల్ కారదు, దుమ్ము లోపలికి పోదు. వెనక ఒత్తిడి ఉన్నప్పుడు మూతను స్ప్రింగుతో పాటు ఆయిల్ కూడా నొక్కిపడుతుంది. మూత వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక 100 బార్ ఒత్తిడి ఉంటే దాన్ని కదిలించడానికి సుమారు 115 కిలోల బరువు మోపాలి. ట్రాక్టర్ హైడ్రాలిక్స్ పనిచేసే ఒత్తిడి 180, 200 బార్ల దాకా ఉంటుంది. అదంతా నిలిచిపోతే 200 కిలోలు దాటిపోతుంది. ఎంత బలవంతుడైనా వంగి కూర్చుని, జారే పైపును పట్టుకుని అంత బలం పెట్టలేడు.

మొదటి కారణం ట్రాక్టర్‌లోనే ఉంటుంది. కంట్రోల్ వాల్వులో లివర్‌తో కదిలే స్పూల్ నడిమి స్థానంలో ఉంటే సిలిండర్‌కు వెళ్లే దారులు రెండూ మూసుకుంటాయి. అలా మూసుకోకపోతే ఎత్తిన బకెట్ ఎత్తినచోట నిలవదు. కాబట్టి చివరిసారి లివర్ లాగి వదిలినప్పుడు ఆ లైన్‌లో ఎంత ఒత్తిడి ఉందో అంతా లోపలే ఉండిపోవచ్చు. ఇంజన్ నడుస్తుండగానే పైపు తగిలించబోయేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. స్పూల్ చుట్టూ ఎప్పుడూ సన్నగా ఆయిల్ ఊరుతూ ఉంటుంది. అవతల కప్లర్ మూసి ఉంటే అది పోయే దారి లేక ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది.

ఇది మూడింటిలో సులువైనది. లోడర్‌ను, పరికరాన్ని పూర్తిగా నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లను అన్ని దిక్కులకూ పూర్తిగా ఆడించాలి. ఫ్లోట్ స్థానం ఉంటే అందులో కాసేపు ఉంచాలి, ఎందుకంటే అక్కడ రెండు దారులూ ట్యాంకుకు తెరుచుకుంటాయి. నేలకు దించడం ముందు, లివర్ ఆడించడం తరవాత. ఈ వరస తప్పకూడదు. ఎత్తి ఉన్న లోడర్ లివర్‌ను ఇంజన్ ఆపి కదిపితే లోడర్ చేయి కిందికి వస్తుంది, దాని కింద ఎవరున్నా చూసుకోదు. కరెంటుతో పనిచేసే వాల్వులున్న యంత్రాల్లో ఇంజన్ ఆపినా తాళం ఆన్‌లో ఉంచి స్విచ్చు కదపాలి. కొన్నింట్లో స్పూల్ కదలడానికే పంపు నుంచి వచ్చే ఒత్తిడి కావాలి, అక్కడ ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. కొన్ని స్కిడ్ స్టీర్లలో కప్లర్‌ను దాని దిమ్మ వైపు గట్టిగా నొక్కి కొన్ని సెకన్లు పట్టుకుంటే లోపలి ఒత్తిడి ట్యాంకుకు జారిపోయే ఏర్పాటు ఉంటుంది. ఏ యంత్రానికి ఏ పద్ధతో దాని పుస్తకంలోనే చూడాలి. పక్క ఊరి ట్రాక్టర్ పద్ధతి మన ట్రాక్టర్‌కు సరిపోతుందన్న హామీ లేదు.

ఇవన్నీ చేశాక కూడా పైపు ఎక్కకపోతే ఒత్తిడి ట్రాక్టర్‌లో లేదు, పరికరంలో ఉంది. చాలామంది అక్కడ కూడా లివర్లే ఆడిస్తూ ఉంటారు. పైపు కలవనిదే ట్రాక్టర్ వాల్వుకూ పరికరం సిలిండర్‌కూ మధ్య దారి లేదు, ఎంత ఆడించినా ఫలితం ఉండదు.

పరికరం వైపు రెండు కారణాలు. మొదటిది బరువు. గ్రాపిల్ దవడలు దుంగను పట్టుకుని ఉండగానే పైపులు విప్పేశారు. లేదా బ్యాక్‌హో చేయి గాలిలో ఆగి ఉండగా విప్పారు. లేదా రివర్సిబుల్ నాగలిని సగం తిరిగిన చోట, ఒక పక్కకు ఒరిగి ఉండగా విప్పారు. ఆ బరువంతా సిలిండర్ పిస్టన్ మీద, పిస్టన్ నుంచి ఆయిల్ మీద, ఆయిల్ నుంచి కప్లర్ మూత మీద పడుతుంది. రెండోది వేడి. విప్పేటప్పుడు ఒత్తిడి అసలు లేకపోయినా సరే, నిండుగా ఆయిల్ ఉన్న పైపును ఎండలో వదిలితే ఒత్తిడి దానంతట అదే పుడుతుంది. విప్పేటప్పుడు సులువుగా వచ్చిన పైపు తగిలించేటప్పుడు మొండికేయడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

వేడి లెక్క తెలిస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. హైడ్రాలిక్ ఆయిల్ ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 0.07 శాతం ఉబ్బుతుంది. మూసిన పాత్రలో ఉబ్బడానికి చోటు ఉండదు. ఆ 0.07 శాతాన్ని మళ్లీ అణచిపెట్టాలంటే ఇంచుమించు 10 బార్ ఒత్తిడి కావాలి. అంటే గోడలు సాగని చోట డిగ్రీకి 10 బార్ చొప్పున పెరుగుతుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కితే 200 బార్. రబ్బరు పైపు కొంత సాగుతుంది గనుక నిజంగా అంత పెరగదు, కానీ అందులో సగం పెరిగినా మన చేతికి లొంగదు. ఉక్కు గొట్టాలు ఎక్కువ, రబ్బరు పైపు తక్కువ ఉన్న పరికరాల్లో పెరుగుదల ఎక్కువ. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో పడి ఉన్న నల్ల రబ్బరు పైపు అంతకన్నా చాలా వేడెక్కుతుంది. తెల్లవారుజామున చల్లటి వేళ పైపు విప్పి, మిట్టమధ్యాహ్నం తగిలించబోతే ముప్పై డిగ్రీల తేడా రావడం మన వేసవిలో మామూలు సంగతే. చలిదేశాల రైతులకు ఇది వేసవిలో నాలుగు రోజుల విసుగు. మనకు ఏడాదిలో సగం కాలపు సమస్య.

బరువు వల్ల వచ్చిన ఒత్తిడికీ వేడి వల్ల వచ్చిన ఒత్తిడికీ మధ్య తేడాను నేను ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా చూస్తాను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, మూత కదలదు. విడుదలైనప్పుడు మాత్రం పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. లీటరు ఆయిల్‌లో 200 బార్ ఒత్తిడి వేడి వల్ల పుట్టి ఉంటే, అదంతా తగ్గడానికి బయటికి రావాల్సిన ఆయిల్ సుమారు 13 మిల్లీలీటర్లు. పైపు సాగి ఉంటే ఇంకొంచెం. అంటే కొద్ది చెంచాల ఆయిల్ పోతే ఒత్తిడి చచ్చిపోతుంది. బరువు వల్ల పుట్టిన ఒత్తిడి అలా చావదు. బరువు కిందికి దిగేదాకా అది ఆయిల్‌ను తోస్తూనే ఉంటుంది. చెంచాడు వస్తుందనుకున్న చోట సిలిండర్ అంతా ఖాళీ అవుతుంది, దానితో పాటు దవడో చేయో నాగలో మనిషి మీదికి వస్తుంది. కాబట్టి పైపు ఎక్కకపోతే ముందు సుత్తి కోసం, స్పానర్ కోసం వెతకకండి. పరికరం చుట్టూ తిరిగి చూడండి. కదిలే భాగం ప్రతిదీ నేల మీదో దిమ్మ మీదో ఆని ఉందా? ఏ సిలిండర్ అయినా దేన్నయినా మోస్తోందా? ఆ జవాబు దొరికాకే మిగతా పని.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని పరికరాల్లో బరువు జారిపోకుండా సిలిండర్ దగ్గరే లాకింగ్ వాల్వు ఉంటుంది. అలాంటి చోట పైపులో ఒత్తిడి సున్నా అయినా సిలిండర్‌లో బరువు అలాగే ఉంటుంది. పైపు సులువుగా ఎక్కింది కదా అని పరికరం కింద చేయి పెట్టడానికి వీల్లేదు. నైట్రోజన్ నింపిన అక్యుములేటర్ ఉన్న లోడర్లలో పరిస్థితి ఇంకా వేరు. వాయువు ఒత్తిడిని దాచుకుంటుంది గనుక చెంచాల లెక్క అక్కడ చెల్లదు. దాన్ని ఖాళీ చేసే వాల్వు ఏదో తెలుసుకోకుండా ఏ నట్టునూ ముట్టకూడదు.

ఇక ఉపాయాల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువగా వాడేదీ, అన్నిటికంటే చెడ్డదీ సుత్తి దెబ్బ. మేల్ ముక్కును ఇనుప దిమ్మకు ఆనించి కొడతారు, లేదా ముక్కు మీద పిన్ను పెట్టి కొడతారు. చిర్రుమని ఆయిల్ చిమ్ముతుంది, ఒత్తిడి పోతుంది, పైపు ఎక్కుతుంది. పనైపోయినట్టే కనిపిస్తుంది. మూత కూర్చునే అంచు మీద గాటు పడితే ఆ కప్లర్ ఆ రోజు నుంచి కారుతూనే ఉంటుంది. ముక్కు వంగితే సగమే తెరుచుకుంటుంది. ఇవి డబ్బు నష్టాలు. చిమ్మిన ఆ ధార చేసేది అంతకంటే ఘోరం.

సన్నని రంధ్రం గుండా వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి 7 బార్ల ఒత్తిడి చాలని భద్రతా పుస్తకాలు చెబుతాయి. మన పైపులో ఉన్నది దానికి పది, ఇరవై రెట్లు. ఇలాంటి గాయాన్ని వైద్య పత్రికల్లో మొదట నమోదు చేసింది 1937లో, డీజిల్ ఇంజన్ ఇంధన ధార వల్ల. ఈ గాయంతో ఉన్న మోసం ఏమిటంటే మొదట్లో అది గాయంలా ఉండదు. వేలి మీద సూది గుచ్చినట్టు ఎర్రచుక్క, కొద్దిగా తిమ్మిరి, అంతే. చాలామంది గుడ్డతో తుడుచుకుని పనిలో పడతారు. లోపల ఆయిల్ నరాల వెంట, స్నాయువుల తొడుగుల వెంట అరచేతిలోకి పాకుతుంది. గంటలు గడిచేకొద్దీ వేలు ఉబ్బి, రక్తప్రసారం ఆగి, కండ చచ్చిపోతుంది. చేతికి తగిలిన ఇలాంటి గాయాల మీద 2006లో వెలువడిన ఒక వైద్య సమీక్ష 435 కేసులను పరిశీలించింది. అందులో సుమారు 30 శాతం మందికి దెబ్బతిన్న భాగం తీసేయాల్సి వచ్చింది. పెయింటు, థిన్నర్ వంటివి ఎక్కినప్పుడు ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ, ఆయిల్ వాటికంటే కొంత నయం. కానీ దేనికైనా వెంటనే కోసి కడగడమే చికిత్స, ఆలస్యమైన ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. బ్యాండేజీ, టీటీ ఇంజెక్షన్, నొప్పి మాత్రతో ఇంటికి పంపే చోట కాదు, ఆపరేషన్ చేయగల సర్జన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. పోయి, ఒత్తిడితో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ చర్మం లోపలికి వెళ్లిందని స్పష్టంగా చెప్పాలి. చిన్న చుక్కను చూసి డాక్టరు కూడా తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్కో చెక్కముక్కో అడ్డం పెట్టి చూడాలి. గ్లవుజులు ఆ ధారను ఆపలేవు.

నట్టు వదులు చేయడం సుత్తి కంటే కొంత నయం, కానీ తేలికగా సలహా ఇవ్వదగ్గది కాదు. ఫ్లాట్ ఫేస్ రకం కప్లర్లలో నొక్కడానికి బయటికి ముక్కే ఉండదు కాబట్టి చాలామంది చివరికి ఈ దారే పడతారు. బరువు ఏదీ లేదని, ఉన్న ఒత్తిడి ఎండదేనని రూఢి చేసుకున్నాక, అక్యుములేటర్ లేని పరికరంలో, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కకు నిలబడి, పొడవాటి స్పానర్‌తో మెల్లగా తిప్పితే మరల వెంట ఆయిల్ ఊరి ఒత్తిడి దిగుతుంది. మరలు అన్నీ విప్పే పని లేదు, ఊరడం మొదలవగానే ఆగాలి. బరువు సంగతి అనుమానంగా ఉంటే ఈ పని అసలు చేయకూడదు, మెకానిక్‌ను పిలవాలి. మేల్ ముక్కు మీద బిగించి, మర తిప్పుతూ మూతను కొద్దికొద్దిగా నొక్కే చిన్న పనిముట్లు దొరుకుతాయి. వాటిలో బలం మర నుంచి వస్తుంది, ఆయిల్ పనిముట్టు లోపలికే కారుతుంది, చేయి దూరంగా ఉంటుంది. ముక్కు బయటికి ఉన్న కప్లర్లు వాడే ప్రతి ట్రాక్టర్ టూల్ బాక్సులో ఇది ఉండాలి.

చల్లార్చడం గురించి చెప్పుకోకుండా దాటిపోతుంటారు. ఖర్చు లేనిది, ప్రమాదం లేనిది అదొక్కటే. పరికరాన్ని నీడకు చేర్చే వీలు లేకపోతే తడిపిన గోనెసంచులు పైపుల మీద, సిలిండర్ మీద కప్పి, పావుగంటో అరగంటో నీళ్లు పోస్తూ ఉంటే చాలు. ఏ లెక్కన ఒత్తిడి పెరిగిందో అదే లెక్కన దిగుతుంది, డిగ్రీ తగ్గితే కొన్ని బార్లు తగ్గుతాయి. తగ్గకపోతే, ఆ ఒత్తిడి ఎండది కాదు, బరువుదని అర్థం. అంటే చల్లటి నీళ్లు ఒక పరీక్ష కూడా. ఇంత మంచి పద్ధతిని పుస్తకాల్లో తగినంత చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కప్లర్ తయారీదారులు ఇచ్చిన జవాబు మూడు రకాలుగా ఉంది. ఒకటి, ఐఎస్ఓ 16028 ప్రమాణం కింద వచ్చే ఫ్లాట్ ఫేస్ కప్లర్లలో ఒత్తిడి కింద కూడా ఎక్కే రకం. ఆ ప్రమాణం 1999లో వచ్చింది, కానీ దాని కింద తయారైన ప్రతి కప్లరూ ఒత్తిడిలో ఎక్కదు. కొనేటప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా అడగాలి. ఎక్కే రకంలో పెద్ద మూత లోపల ఒక చిన్న మూత ఉంటుంది. నెట్టగానే ముందు చిన్నది తెరుచుకుని రెండు వైపులా ఒత్తిడి సమం చేస్తుంది, ఆ తరవాత పెద్దది కదులుతుంది. చిన్న మూత వైశాల్యం తక్కువ కాబట్టి చేతి బలం సరిపోతుంది. అయితే సమం కావడానికి అవతల చోటు ఉండాలి. అందుకే ట్రాక్టర్ వైపు ఒత్తిడి ముందే వదిలించుకుని తగిలించాలి. రెండోది మర తిప్పి బిగించే కప్లర్లు, భారీ యంత్రాల మీద ఇవే నమ్మకమైనవి. మూడోది రెండు, నాలుగు లైన్లను ఒకే పలకలో అమర్చి పొడవాటి లివర్‌తో ఒకేసారి కలిపే మల్టీ కప్లర్. యూరప్ లోడర్ల మీద బాగా కనిపిస్తుంది. లివర్ పొడవు మనిషి బలాన్ని అనేక రెట్లు చేస్తుంది, పైపులు తారుమారయ్యే అవకాశమూ ఉండదు. రోజుకు నాలుగుసార్లు పరికరాలు మార్చేవారికి ఈ ఖర్చు పెట్టదగ్గదే. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇవి తగిలించడానికి సాయపడతాయి, బరువు కింద విప్పడానికి అనుమతి ఇవ్వవు.

ఎవరూ పెద్దగా మాట్లాడని ప్రమాదం సగం ఎక్కిన పైపుది. ఒత్తిడి వల్ల కప్లర్ పూర్తిగా కూర్చోదు, కాలర్ మాత్రం ముందుకు జారినట్టు కనిపిస్తుంది. లేదా ఒక పైపు ఎక్కింది, రెండోది వదిలేసి లివర్ లాగారు. సిలిండర్ ఒక వైపు ఆయిల్ వెళుతుంది, రెండో వైపు ఆయిల్‌కు బయటికి దారి లేదు. 80 మిల్లీమీటర్ల సిలిండర్, 50 మిల్లీమీటర్ల రాడ్డు అనుకోండి. పిస్టన్ పూర్తి వైపు వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, రాడ్డు వైపు సుమారు 30.6. పూర్తి వైపు 180 బార్ ఇస్తే, మూసుకుపోయిన రాడ్డు వైపు ఒత్తిడి 295 బార్ దాకా పోతుంది. ట్రాక్టర్ రిలీఫ్ వాల్వు 180 దగ్గరే తెరుచుకున్నా దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఈ ఒత్తిడి పుడుతున్నది రెండో వైపు. సీళ్లు పోవడం, పైపు పగలడం, సిలిండర్ ఉబ్బడం ఇలాగే జరుగుతాయి. పైపు ఎక్కించాక లాగి చూడాలి, రెండూ పూర్తిగా కూర్చున్నాయని నమ్మకం కుదిరాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.

నా దృష్టిలో వీటన్నిటికంటే మేలైన పని విప్పేటప్పుడే ఉంది. పరికరాన్ని చదునైన నేల మీద, ఏ సిలిండర్ మీదా బరువు పడకుండా దించాలి. గ్రాపిల్ దవడలు మూసి నేలకు ఆనాలి. ఇంజన్ ఆపి లివర్లు ఆడించి, అప్పుడు పైపులు విప్పాలి. పైపుల చివర ఒకటి మేల్, ఒకటి ఫీమేల్ ఉంటే ఆ రెండింటినీ ఒకదానికొకటి తగిలించి వదలాలి. ఇది దుమ్ము నుంచి కాపాడుతుందని అందరూ అంటారు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. సిలిండర్ రెండు వైపులూ ఒకటైపోతాయి గనుక ఎండకు ఆయిల్ ఉబ్బినా రాడ్డు కొద్దిగా బయటికి జరిగి ఆ పెరుగుదలకు చోటిస్తుంది. రాడ్డు పూర్తిగా చాచి ఉంటే ఈ చోటు ఉండదు, కాబట్టి లోపలికి తీసి ఉంచాలి. రాడ్డు దానంతట అది కదలవచ్చని తెలిసి, చుట్టూ పిల్లలు, పశువులు లేకుండా చూసుకోవాలి. రెండూ మేల్ అయిన చోట రెండు ఫీమేల్ కప్లర్లను చిన్న పైపు ముక్కతో కలిపి ఉంచుకుంటే అదే పని చేస్తుంది. పల్లెటూరి హైడ్రాలిక్స్ షాపులో కూడా తయారయ్యే వస్తువు ఇది.

విప్పే మనిషి, తగిలించే మనిషి ఒకరే అయినంత కాలం ఇదంతా అలవాటుతో సర్దుకుంటుంది. మన దగ్గర పరికరాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ సెంటర్లు వచ్చాక పరిస్థితి మారింది. నాగలినీ బేలర్‌నూ లెవలర్‌నూ ఇవాళ ఒక డ్రైవర్ దించుతాడు, రేపు ఇంకో ఊరి డ్రైవర్ తగిలిస్తాడు. మొదటివాడు తొందరలో వదిలేసిన ఒత్తిడి రెండోవాడి వేళ్ల దగ్గర బయటపడుతుంది. మొదటివాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఇలాంటి చోట కనీసం కాగితం మీద రక్షణ ఉంది. యంత్రంలో దాగిన శక్తిని పూర్తిగా వదిలించాకే చేయి పెట్టాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1989లో నియమం తెచ్చింది. అందులో వ్యవసాయాన్ని మినహాయించింది. మన దేశంలో 1983 నాటి ప్రమాదకర యంత్రాల చట్టం ప్రధానంగా నూర్పిడి యంత్రాలలో చేతులు పోవడాన్ని అడ్డుకోవడానికి వచ్చింది. ట్రాక్టర్ పైపుల దగ్గర జరిగేదాన్ని పట్టించుకునే చట్టం కోసం రైతు ఎదురుచూస్తూ కూర్చోలేడు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. పైపు విప్పే ఈ వరసను చేయించి చూపించడానికి అలాంటి సంస్థలకు ఒక పూట చాలు. ట్రాక్టర్ డెలివరీ ఇచ్చే రోజున డీలర్ మనిషి సర్వీసు తేదీలు చెప్పినట్టే ఇదీ చెప్పవచ్చు. పరికరాలు అద్దెకిచ్చే యజమానులకు మాత్రం ప్రత్యేకంగా ఒక మనవి. మీ గ్రాపిల్, మీ నాగలి తిరిగి వచ్చినప్పుడు పళ్లు అరిగాయా, బోల్టులు ఉన్నాయా అని చూస్తారు కదా. దానితో పాటు సిలిండర్ల మీద బరువు లేకుండా దించారా, పైపులు ఒకదానికొకటి తగిలించారా అని కూడా చూడండి. లేకపోతే ట్రాక్టర్ వెళ్లిపోకముందే, దాని మీదే మళ్లీ తగిలింపించి, సరిగ్గా దింపించుకోండి.